సదరంలో 68 శాతం, మైదానంలో ఎఫ్57: నా అనుభవం

నాకు ఎడమ కాలు పోలియో. వయసు 33. ప్రొద్దుటూరులో లేడీస్ టైలరింగ్ చేస్తాను. 2025 ఫిబ్రవరిలో చెన్నైలో జరిగిన 23వ జాతీయ పారా అథ్లెటిక్స్ పోటీల్లో కూర్చుని గుండు (షాట్‌పుట్) విసిరాను. అక్కడిదాకా వెళ్లడానికి అయిదు నెలలు పట్టింది. గుండు విసరడం నేర్చుకోవడం ఒక ఎత్తయితే, "మీది ఏ క్లాసు?" (అంటే వైకల్యాన్ని బట్టి ఏ విభాగంలో ఆడాలి) అన్న ప్రశ్నకు జవాబు తెచ్చుకోవడం ఇంకో ఎత్తు. తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడుగుతున్నారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

2024 సెప్టెంబర్ మొదటి వారం. మిషన్ పక్కన ఫోన్ నిలబెట్టుకుని పారిస్ పారాలింపిక్స్ చూస్తూ జాకెట్లు కుడుతున్నా. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తికి 400 మీటర్ల పరుగులో కాంస్యం వచ్చింది. మన పిల్లే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అదే వారం హొకాటో సెమా ఆట చూశాను. నాగాలాండ్‌కు చెందిన సైనికుడు. మందుపాతర పేలి కాలు పోయింది. కుర్చీలో కూర్చుని గుండు 14.65 మీటర్లు విసిరాడు. కూర్చుని కూడా విసరొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. నా భుజాలు చిన్నప్పటి నుంచీ గట్టివి. చేతికర్ర మీద బరువంతా మోసి మోసి అలా తయారయ్యాయి. నేనూ విసరగలను అనిపించింది. ఎవరితోనూ అనలేదు.

సెప్టెంబర్ 29 ఆదివారం కడప వెళ్లి, అక్కడ పిల్లలకు త్రోలు నేర్పించే ఒక సార్‌ని కలిశాను. నేను మొదట సంచిలోంచి తీసింది సదరం సర్టిఫికెట్, వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ కాగితం. 68 శాతం అని ఉంటుంది. నా జీవితంలో బస్సు పాసు, పింఛను, ఏది కావాలన్నా ఆ కాగితమే చూపించాను. సార్ దాన్ని చదివి మడిచి నా చేతికే ఇచ్చారు.

"అమ్మా, ఇది ఎంట్రీకి ఉండాలి, జాగ్రత్తగా పెట్టుకో. కానీ క్లాసు ఇచ్చేవాళ్లు శాతం చూడరు. నీ కాలు చూస్తారు, నువ్వు విసిరేది చూస్తారు."

అప్పుడే ఆయన గంటసేపు కూర్చోబెట్టి చెప్పారు. పారా అంటే వికలాంగులందరినీ ఒకచోట నిలబెట్టి పోటీ పెట్టడం కాదట. టీ అంటే ట్రాక్, ఎఫ్ అంటే ఫీల్డ్. చూపు లేనివాళ్లు, చూపు తక్కువైనవాళ్లు 11 నుంచి 13. దీప్తిది టీ20, మేధోపరమైన లోపం ఉన్నవాళ్ల క్లాసు. సెరిబ్రల్ పాల్సీ వంటివి 30ల్లో, పొట్టివాళ్లు 40, 41. కూర్చుని విసిరేవాళ్లు 50ల్లో. ఒక్కో ఆటకు ఒక్కో లెక్క. వీల్‌చైర్ బాస్కెట్‌బాల్‌లో ఒక్కొక్కరికి 1 నుంచి 4.5 దాకా పాయింట్లు ఇస్తారు, బరిలో ఉన్న అయిదుగురివీ కలిపి 14 దాటకూడదు. పవర్‌లిఫ్టింగ్‌లో అయితే అర్హత ఉందా లేదా అనేదే చూస్తారు, ఆ తర్వాత శరీర బరువును బట్టి విభాగాలు. ఒక ఆటకు పనికొచ్చిన మనిషి ఇంకో ఆటకు పనికిరాకపోవచ్చు.

అదే రోజు ఒక పెద్దాయన వినపడని కొడుకును తీసుకుని వచ్చాడు. పిల్లాడు బాగా పరిగెత్తుతాడు. కానీ చెవిటివాళ్లకు పారాలింపిక్స్‌లో విభాగం లేదు, వాళ్లకు డెఫ్లింపిక్స్ వేరే ఉంది, మంచి చెవిలోనూ కనీసం 55 డెసిబెల్స్ లోపం ఉండాలి అని సార్ ఓపిగ్గా కాగితం మీద రాసిచ్చారు. ఆ పెద్దాయన రాయచోటి నుంచి వచ్చాడట. అంత దూరం వచ్చి వెనక్కి వెళ్తుంటే నాకే గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది.

నేను నిలబడి విసరాలా, కూర్చుని విసరాలా అన్నది సార్ ముందే తేల్చుకోమన్నారు. క్యాలిపర్‌తో, అంటే కాలికి కట్టుకునే ఊతతో, నిలబడి రెండు వారాలు ప్రయత్నించాను. విసిరిన ప్రతిసారీ పడబోయాను. కూర్చుంటేనే నా బలం గుండులోకి వెళ్తుందని తేలింది.

తర్వాత మొదలైంది అసలు తిప్పట. మెడికల్ డయాగ్నస్టిక్ ఫారం అని ఒకటి ఉంటుంది. డాక్టర్ ఇంగ్లీషులోనే నింపాలి. రోగం పేరు, ఎప్పుడు వచ్చింది, ఏ కండరం ఎంత పనిచేస్తుంది, రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర, అన్నీ ఉండాలి. అక్టోబర్ 7న ఒక ఆసుపత్రికి వెళ్లాను. అక్కడి డాక్టర్ నా కాలు చూడకుండానే "పోలియో, 68 పర్సెంట్" అని రాసి సంతకం పెట్టాడు. సార్ చూసి ఇది చెల్లదన్నారు. మళ్లీ వెళ్తే ఆ డాక్టర్ సెలవు. మూడోసారి వెళ్తే ఇంత పెద్ద ఫారం నింపే టైం లేదన్నారు. ఒక్కో తిప్పటకు ఒక రోజు పని పోయింది.

ఇంకో చిక్కు ఏమిటంటే నా పోలియోకు పాత కాగితం ఒక్కటీ లేదు. 1993లో నాకు రెండేళ్లు. జ్వరం వస్తే ఊళ్లో సూది వేయించారు, తెల్లారేసరికి కాలు పడిపోయింది అని అమ్మ చెప్తుంది. ఆమెకు తెలిసిన కేస్ షీటు అంతే. చివరికి నవంబర్ 11న ఇంకో డాక్టరమ్మ దొరికింది. నరాల పరీక్ష చేయించమంది, 2,800. ఎక్స్‌రే 600. ఫీజు 500. కానీ ముప్పావుగంట కూర్చుని ఒక్కో కండరం పరీక్షించి రాసింది. ఆ ఫారం నాలుగు కాపీలు తీయించాను. మీరూ తీయించుకోండి. ప్రతి చోటా ఒకటి తీసుకుంటారు, తిరిగి ఇవ్వరు.

ఈలోపు కుర్చీ. కూర్చుని విసిరేవాళ్లు ఎవరి కుర్చీ వాళ్లే తెచ్చుకోవాలి. మా వీధి చివర వెల్డింగ్ షాపు అన్నకు ఫోన్‌లో ఫోటోలు చూపించాను. స్క్వేర్ పైపుతో నాలుగు రోజుల్లో చేసిచ్చాడు, 5,200. కూర్చునే పలక ఒక్కో వైపు కనీసం 30 సెంటీమీటర్లు, ఎత్తు 75 సెంటీమీటర్లు మించకూడదు. నేను టైలర్ని కదా, నా టేపుతో నేనే కొలిచాను. ఇరవై తొమ్మిదిన్నర అంగుళాలు, సరిగ్గా సరిపోయింది. కాళ్లు కట్టుకోవడానికి, కుర్చీని నేలకు బిగించడానికి లారీలకు సరుకు కట్టే బెల్టులు నాలుగు కొన్నాను, 1,400. సాగే బెల్టు పనికిరాదు. మూడు కిలోల గుండు 1,100.

డిసెంబర్ మూడో వారంలో రాష్ట్ర స్థాయి ఎంపిక. అక్కడ పది నిమిషాలు చూసి తాత్కాలికంగా క్లాసు రాశారు, అసలు పరీక్ష జాతీయ పోటీల దగ్గరేనన్నారు. నాకు ఎఫ్56 రావచ్చని సార్ అంచనా. నా కుడికాలు కూడా చిన్నప్పుడు కొంచెం దెబ్బతింది, తుంటి దగ్గర బలం తక్కువ. రెండు కాళ్లూ బాగా బలహీనమైతే 56, ఒక కాలు బాగుంటే 57. 57లో కాలు ఒకటే పోయి నడుము, రెండో కాలు పూర్తి బలంగా ఉన్నవాళ్లు వస్తారు. అందుకే అది కూర్చుని విసిరేవాళ్లలో కష్టమైన క్లాసు. 56 వస్తే పతకం మీద ఆశ పెట్టుకోవచ్చు.

అక్కడే ఒక అమ్మాయి నా పక్కన కూర్చుని మెల్లిగా చెప్పింది. "అక్కా, చెన్నైలో గట్టిగా తోయమంటారు. కుడికాలుతో సగం బలమే పెట్టు. ఎవరికి తెలుస్తుంది?"

ఆ మాట నన్ను నెలన్నర తినేసింది. నిజం చెప్తున్నా, వద్దని వెంటనే అనుకోలేదు. ఎందుకంటే సదరం క్యాంపుకు వెళ్లిన ప్రతిసారీ మా అమ్మ చెప్పేది అదే. "బాగా కుంటుతూ నడువు, లేకపోతే శాతం తగ్గిస్తారు." చిన్నప్పటి నుంచీ డాక్టర్ బల్ల దగ్గర తక్కువగా కనపడటమే నేర్చుకున్నాను. సార్‌ని అడిగాను. ఆయన కోప్పడలేదు. 2021లో టోక్యోలో మన దేశపు డిస్కస్ త్రోయర్ ఒకరికి ఎఫ్52లో కాంస్యం వచ్చి, ఆ క్లాసుకు సరిపోడని తేలి మర్నాడే ఆ పతకం పోయిన సంగతి చెప్పారు. "గదిలోనే కాదమ్మా, నువ్వు విసిరేటప్పుడు కూడా చూస్తుంటారు. కావాలని తక్కువ చూపిస్తే నిషేధం పడుతుంది. అదంతా పక్కన పెట్టు. నీ పక్కన కూర్చునే ఇంకో పిల్లకు నిజంగానే రెండు కాళ్లూ ఉండవు." ఆ చివరి మాట దగ్గర నేను తల దించుకున్నాను.

జనవరి మా పనికి మంచి సీజన్. సంక్రాంతి ఆర్డర్లు సగం వదులుకుని ప్రాక్టీస్ చేశాను. ఆ నెలలోనే రాష్ట్రంలో వికలాంగుల పింఛన్ల పునఃపరిశీలన మొదలైంది. అమ్మకు టెన్షన్ పట్టుకుంది. "గుండు విసురుతుందంటే బాగున్నట్టే కదా, ఆరు వేలు పోతాయి" అని వీధిలో ఎవరో అన్నారట. ఆ 6,000 మా ఇంటి అద్దె, బియ్యం. ఆ వారం నేను మైదానానికి వెళ్లలేదు. తర్వాత అక్కే వచ్చి బండి ఎక్కించింది.

ఫిబ్రవరి 15 రాత్రి కడపలో రైలెక్కాం, నేనూ మా అక్కా. రైల్వే రాయితీ కార్డు ఉంటే తోడు వచ్చేవాళ్లకూ టికెట్ తగ్గుతుంది, ముందే చేయించుకోండి. పద్నాలుగు కిలోల ఇనుప కుర్చీ పై బెర్తు మీదికి ఎక్కించడానికి ఇద్దరు అన్నలు సాయం పట్టారు. రాత్రంతా అక్క దాని కాలు పట్టుకునే పడుకుంది, ఎవరి మీదైనా పడుతుందేమోనని.

16 ఆదివారం ఉదయం ఎనిమిదికి చెన్నైలో క్లాసు పరీక్షకు వెళ్లాం. నా వంతు వచ్చేసరికి పన్నెండున్నర దాటింది. దేశమంతటి నుంచీ వచ్చారు మరి. ఆ వరండాలో కూర్చుని చూసినన్ని రకాల మనుషులను నేను నా జీవితంలో చూడలేదు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఎఫ్41 కోసం వచ్చాడు. మగవాళ్లకు 145 సెంటీమీటర్ల లోపు ఎత్తు ఉండాలి, చేతి పొడుగు కూడా కొలుస్తారు. అనకాపల్లి జిల్లా రొంగలి రవి పారిస్‌లో ఎఫ్40 గుండులో అయిదో స్థానంలో నిలిచాడు కదా, ఆయన ఫోటో ఈ తమ్ముడి ఫోన్ మీద వాల్‌పేపర్. ఇంకో అమ్మాయికి ఒక కాలు పొట్టి. లోపలికి నవ్వుతూ వెళ్లింది, ఏడుస్తూ వచ్చింది. రెండు కాళ్లకూ తేడా కనీసం 7 సెంటీమీటర్లు ఉండాలి, ఆమెకు అయిదే వచ్చింది. అర్హత లేదు. ఊళ్లో అందరూ ఇరవై ఏళ్లుగా కుంటిదాన అని పిలిచారు, ఇక్కడ కాదంటున్నారు అని మా అక్క భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆమెకు ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

లోపల క్లాసు తేల్చే క్లాసిఫయర్లు ఇద్దరు ఉన్నారు, ఒకరు డాక్టర్, ఒకరు ఆట తెలిసినామె. ఇద్దరూ ఆడవాళ్లే కావడం నా అదృష్టం. ముందు ఒక ఒప్పంద పత్రం మీద సంతకం. పూర్తి బలంతో సహకరిస్తానని, అబద్ధం చెప్పనని. వీడియో తీయకూడదు. ఒక తోడు మనిషి ఉండొచ్చు. మాటలు అర్థం కాకపోతే చెప్పడానికి మన రాష్ట్రం నుంచి వచ్చిన ఒక మేడమ్ వచ్చింది.

తర్వాత క్యాలిపర్ విప్పమన్నారు. నిక్కరు వేసుకోమన్నారు.

దీని గురించి నాకు ఎవరూ ముందు చెప్పలేదు. నేను చుడీదార్‌లో వెళ్లాను. నా ఎడమ కాలు అమ్మ, అక్క, డాక్టర్లు తప్ప ఎవరూ చూడలేదు. పెళ్లిచూపుల్లో కూడా చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చున్నదాన్ని. బయట పరిచయమైన ఒక త్రోయర్ తన నిక్కరు ఇచ్చింది. బల్ల మీద పడుకుని కప్పు వైపు చూస్తూ ఉండిపోయాను. కళ్లలో నీళ్లు చెవుల్లోకి వెళ్లాయి. డాక్టర్ మేడమ్ ఆగింది. మంచినీళ్లు తాగమంది. తొందర లేదంది.

ఆమె ఒక చేయి నా తొడ మీద ఆనించి, మోకాలు చాచమంది. నేను చాచడానికి ప్రయత్నించాను. కాలు కదల్లేదు. ఆమె వేళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి. "ఇంకోసారి." మళ్లీ ప్రయత్నించాను. "ఒకటి" అని పక్కామెకు చెప్పింది. కాలు కదలకపోయినా లోపల కండరం బిగుసుకోవడం ఆమె వేలికి తగిలిందట. సున్నా నుంచి అయిదు దాకా మార్కులు. ముప్పై ఏళ్లలో ఆ కాలు కోసం ఒకరు అంతసేపు వేలు పెట్టి వెతకడం నేను చూడలేదు. నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, కాలు బరువు తను మోస్తూ తుంటి దగ్గర కదపమంది. కదిలింది. "రెండు."

తర్వాత కుడికాలు. ఆమె నా పాదం కింద అరచేయి పెట్టి, బ్రేకు తొక్కినట్టు తోయమంది. ఆ అమ్మాయి మాట గుర్తొచ్చింది. అమ్మ మాట కూడా. ఒక్క క్షణం ఆగాను. తర్వాత ఊపిరి బిగబట్టి తోశాను. ఆమె చేయి వెనక్కి వెళ్లింది. రెండో చేయి కూడా కలిపింది. అయినా నేను తోస్తూనే ఉన్నాను.

"మీరు ఏం పని చేస్తారు?"

"టైలరింగ్ మేడమ్. పద్నాలుగేళ్లు."

"ఏ కాలుతో తొక్కుతారు?"

చెప్పక్కర్లేదు కదా. ఆమె నవ్వి, "అయిదు" అని రాయించింది. తుంటి దగ్గర కూడా నాలుగు వచ్చాయి. బలహీనం అనుకున్న కాలు మిషన్ తొక్కి తొక్కి గట్టిపడింది.

ఆ తర్వాత నా కుర్చీ మీద కూర్చోబెట్టి ముందుకు, పక్కలకు వంచారు. బంతి విసిరి పట్టుకోమన్నారు. నాలుగైదు సార్లు విసిరించారు. అంతా కలిపి నలభై నిమిషాలు. సాయంత్రం ఆరున్నరకు కాగితం వచ్చింది. ఎఫ్57.

బాధపడలేదని చెప్పను. రాత్రి అన్నం సహించలేదు. 56 అయితే నా దూరానికి పతకం దగ్గర్లో ఉండేదాన్ని. కానీ డాక్టర్ "అయిదు" అన్నప్పటి గొంతు చెవిలోనే ఉంది. నా కాలికి ఎవరూ అయిదుకు అయిదు ఎప్పుడూ వేయలేదు.

18న పోటీ. అంతకుముందు కుర్చీ కొలిచారు. నేను ఇంట్లో కొలిచిన ఇరవై తొమ్మిదిన్నర అంగుళాలు సరే, మీద కుట్టుకున్న స్పాంజి దిండును మరిచిపోయాను. దిండుతో కలిపే కొలుస్తారు. 78 వచ్చింది. దిండు కోసి తీసేశాను, ఇనుప పలక మీదే కూర్చున్నాను. ఇంకో సంగతి, కూర్చుని విసిరేవాళ్లు తమ వంతు విసుర్లు అన్నీ వరసగా విసరాలి. ఒకటి విసిరి మధ్యలో సేదతీరడం ఉండదు. కూర్చున్న చోటి నుంచి పిర్రలు లేస్తే ఎర్ర జెండా. మొదటిది ఫౌల్. రెండోది 5.87. మూడోది 6.31. ప్రాక్టీస్‌లో కూడా అంత ఎప్పుడూ పోలేదు. పతకం రాలేదు. పక్కన నిలబడి మా క్లాసిఫయర్ మేడమ్ రాసుకుంటూ ఉంది. పోటీలో చూశాక కూడా ఎఫ్57 అలాగే ఉంచారు.

మొత్తం ఖర్చు లెక్క వేస్తే 19,000 దాటింది, పోయిన ఆర్డర్లు కాకుండా. ఇది దేశం లోపలి పోటీలకే. విదేశాల వాళ్లతో ఆడాలంటే అంతర్జాతీయ క్లాసిఫయర్ల దగ్గర మళ్లీ మొదటి నుంచీ ఇదే పరీక్ష, పాస్‌పోర్టు, ఆటగాళ్ల లైసెన్సు. పాస్‌పోర్టుకు అప్లై చేశాను. వెల్డింగ్ అన్న కుర్చీ కాళ్లు నాలుగు సెంటీమీటర్లు కోశాడు, డబ్బులు తీసుకోలేదు. ఇప్పుడు పల్చటి దిండు పెట్టుకోవచ్చు.

పింఛను పునఃపరిశీలనకు నోటీసు వచ్చింది. మార్చి 24న కడప రమ్మన్నారు. అమ్మ మళ్లీ మొదలుపెట్టింది, "మే, కొంచెం చూసుకుని నడువు" అని. ఈసారి నేను ఫైల్లో సదరం కాగితం పక్కనే ఎఫ్57 కాగితం కూడా పెట్టాను. మొన్న కటింగ్ టేబుల్ మీద నా కొలతలకే ఒక నిక్కరు కోసి కుట్టుకున్నాను. అదీ సంచిలో ఉంది.